ఎవర్ని లేపాలి, ఎవర్ని పడుకోనివ్వాలి? సైరన్ నుంచి స్మార్ట్‌ఫోన్ దాకా

ఇవాళ మన టాపిక్ యుద్ధంలో మామూలు జనానికి ఇచ్చే విమాన దాడి హెచ్చరికలు. కానీ ఈ వీడియోలో ఎక్కడా మీకు సైరన్ సౌండ్ వినపడదు. కావాలనే పెట్టలేదు.

కారణం ఏంటంటే, 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగైదు రోజులు గుర్తున్నాయి కదా? ఏ టీవీ ఛానెల్ పెట్టినా బ్యాక్‌గ్రౌండ్‌లో సైరనే. అప్పుడు కేంద్ర హోం శాఖ పరిధిలోని సివిల్ డిఫెన్స్ విభాగం మీడియాకు ఒక సూచన పంపింది. మీ ప్రోగ్రాముల్లో సైరన్ శబ్దం వాడకండి, రోజూ వింటే జనానికి అలవాటైపోతుంది, నిజంగా మోగిన రోజు పట్టించుకోరు అని. మనం చిన్నప్పుడు చదువుకున్న "నాన్నా పులి" కథే ఇది. పులి వచ్చిందని అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆ మాట విలువ కొంచెం తగ్గుతుంది. సైరన్ కూడా అంతే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రోజుల్లో ఆన్-కాల్ డ్యూటీ ఉండేది. అంటే రాత్రి సర్వర్‌కి ఏదైనా అయితే ఫోన్ మోగుతుంది, లేచి చూడాలి. పది అలర్ట్‌లు వస్తే తొమ్మిది ఉత్తుత్తివే. రెండో వారానికి టీమ్‌లో అందరికీ ఒకే అలవాటు: కళ్ళు మూసుకునే అలర్ట్‌ని ఆపేయడం. అక్కడ పోయేది ఒక వెబ్‌సైట్. యుద్ధంలో పోయేది మనిషి.

అందుకే ఈ చరిత్ర చదువుతుంటే నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడింది. సైరన్ ఎంత గట్టిగా మోగాలి, మెసేజ్ ఎంత ఫాస్ట్‌గా వెళ్ళాలి అనేవి అసలు కష్టమైన ప్రశ్నలు కావు. అసలు ప్రశ్న ఇది: ఎవర్ని లేపాలి, ఎవర్ని పడుకోనివ్వాలి? ఎనభై అయిదేళ్ళకు పైగా ఇంజనీర్లు, సైన్యాలు, మునిసిపల్ ఆఫీసులు కుస్తీ పడుతున్నది దీనితోనే. ఎక్కువమందిని లేపితే నమ్మకం పోతుంది. తక్కువమందిని లేపితే ప్రాణాలు పోతాయి.

కాంక్రీట్ చెవులు

ఇంగ్లండ్‌లో కెంట్ తీరాన డెంజ్ అనే చోట మూడు వింత కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద పెద్ద కాంక్రీట్ గిన్నెల్ని నిలబెట్టినట్టు ఉంటాయి. వాటిలో ఒకటి 200 అడుగుల పొడవున్న వంపు గోడ. 1920ల చివర్లో, 1930 ప్రాంతంలో కట్టారు. వాటి పని సముద్రం మీద వచ్చే విమానాల ఇంజన్ చప్పుడుని పోగుచేసి ఒకచోట వినపడేలా చేయడం. ఒకరకంగా దేశానికి పెట్టిన చెవులు. కానీ విమానాల స్పీడ్ పెరిగే కొద్దీ, చప్పుడు వినపడ్డాక మిగిలే టైమ్ తగ్గిపోయింది. 1935 ఫిబ్రవరి 26న రాబర్ట్ వాట్సన్-వాట్ బృందం రేడియో తరంగాలతో విమానాన్ని పసిగట్టొచ్చని ప్రయోగం చేసి చూపించింది. అదే రాడార్. దాంతో కాంక్రీట్ చెవుల పని అయిపోయింది. ఈ చెవుల్ని మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వేరే రూపంలో కనపడతాయి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటన్ తీరం వెంట చైన్ హోమ్ అనే రాడార్ స్టేషన్ల వరుస తయారైంది. అయితే ఆ రాడార్లు సముద్రం వైపే చూస్తాయి. విమానం తీరం దాటి లోపలికి వచ్చేశాక దాన్ని చూడాల్సింది మనుషులే. దానికి అబ్జర్వర్ కోర్ అని ఒక దళం ఉండేది. ఎక్కువమంది వాలంటీర్లు. చేతిలో బైనాక్యులర్, పక్కన టెలిఫోన్. ఇలా వచ్చిన సమాచారం అంతా లండన్ దగ్గరున్న బెంట్లీ ప్రయరీ అనే భవనానికి చేరేది. అక్కడ వడపోసి, పెద్ద మ్యాప్ మీద గుర్తులు పెట్టి, ఏ ఊళ్ళను హెచ్చరించాలో నిర్ణయించేవాళ్ళు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన డీటెయిల్ ఒకటుంది. హెచ్చరికల కోసం దేశాన్ని వందకు పైగా జిల్లాలుగా విడగొట్టారు. ఆ సరిహద్దుల్ని నదులు, కొండలు చూసి గీయలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల వైరింగ్ ఎలా ఉందో దాన్నిబట్టి గీశారు. అంటే ఎవరికి ప్రమాదం ఉందన్నది ఒక లెక్క, ఎవరి దాకా వైరు వెళ్తుందన్నది ఇంకో లెక్క. రెండోదే గెలిచింది.

హెచ్చరికలకు రంగులు కూడా ఉండేవి. పసుపు అంటే ముందస్తు సమాచారం, అది ఫైర్ స్టేషన్లు, ఆస్పత్రులు, పోలీసులు లాంటి వాళ్ళకే. జనం వినే సైరన్ ఎరుపుకి మాత్రమే మోగుతుంది. అంటే 1940లోనే, అందర్నీ ఒకేసారి లేపొద్దు, ముందు సిద్ధపడాల్సిన వాళ్ళకు చెప్పు అనే ఆలోచన ఉంది.

అయినా మొదటి సైరనే ఫాల్స్ అలారం. 1939 సెప్టెంబర్ 3న ప్రధాని చాంబర్లేన్ రేడియోలో యుద్ధం ప్రకటించిన కాసేపటికే లండన్‌లో సైరన్లు మోగాయి. జనం షెల్టర్లలోకి పరుగెత్తారు. తీరా చూస్తే అది ఫ్రాన్స్ నుంచి ముందు చెప్పకుండా వచ్చిన విమానం.

1940లో అసలు దాడులు మొదలయ్యాక ఇంకో తలనొప్పి వచ్చింది. సైరన్ మోగిన ప్రతిసారీ ఫ్యాక్టరీల్లో పని ఆపి అందరూ షెల్టర్‌లోకి వెళ్తే, గంటల తరబడి ఉత్పత్తి ఆగిపోతోంది. చాలాసార్లు విమానాలు ఆ ఊరి పక్కనుంచి పోతున్నాయి, ఫ్యాక్టరీ మీదికి రావట్లేదు. అప్పుడు చర్చిల్ ప్రభుత్వం ఒక మార్పు చేసింది. సైరన్ అంటే "పరుగెత్తండి" అని కాదు, "జాగ్రత్తగా ఉండండి" అని. ఫ్యాక్టరీ పైకప్పు మీద ఒక కాపలా మనిషి నిలబడతాడు. విమానాలు నిజంగా ఇటువైపే వస్తున్నాయని అతను సిగ్నల్ ఇస్తేనే కిందున్నవాళ్ళు పని ఆపుతారు. మన భాషలో చెప్పాలంటే రెండు దశల అలర్ట్. జిల్లా మొత్తానికి ఒకటి, ఈ ఒక్క కప్పు కింద ఉన్నవాళ్ళకి ఇంకొకటి. మ్యాప్‌లో ముక్క చిన్నదైంది.

1944 సెప్టెంబర్ 8న లండన్ మీద మొదటి వి-2 రాకెట్ పడింది. అది ధ్వని కన్నా వేగంగా వచ్చేది. ముందు పేలుడు, ఆ తర్వాత అది వచ్చిన చప్పుడు. అంత పెద్ద వ్యవస్థ కట్టిన దేశం దానికి సైరన్ కూడా మోగించలేకపోయింది. చూడగలిగినంత మేరకే హెచ్చరించగలం అని తెలిసొచ్చింది.

మన తీరం, 1942

ఇదే యుద్ధంలో బాంబులు మన తెలుగు తీరం మీద కూడా పడ్డాయి. 1942 ఏప్రిల్ 6. అంతకు ముందు రోజే జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. మర్నాడు బంగాళాఖాతంలో ఉన్న ర్యుజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాటి జపాన్ బాంబుని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. బీచ్ రోడ్డుకి వెళ్ళినప్పుడు ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి.

ఇంగ్లండ్ చుట్టూ అల్లిన రాడార్లు, అబ్జర్వర్లు, మ్యాప్ గదుల లాంటి వల మన తీరానికి లేదు. సముద్రం మీద ఏం వస్తోందో ముందుగా తెలుసుకునే దారి తక్కువ. దాని ఫలితం ఏంటంటే, బాంబు పడిన తర్వాత జనమే తమకు తామే హెచ్చరిక ఇచ్చుకున్నారు. విశాఖ నుంచి పెట్టేబేడా సర్దుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. అదే వారంలో మద్రాసు కూడా చాలావరకు ఖాళీ అయింది. ప్రభుత్వ ఆఫీసుల్నే లోపలి ఊళ్ళకు తరలించారు. నమ్మదగ్గ హెచ్చరిక లేని చోట పుకారే సైరన్ అవుతుంది. పుకారుకి జిల్లాలు ఉండవు, రంగులు ఉండవు, "ఇక ప్రమాదం లేదు, ఇళ్ళకు వెళ్ళండి" అని చెప్పే రెండో సైరన్ అంతకన్నా ఉండదు.

తప్పు టేపు, తప్పు క్లిక్

యుద్ధం అయిపోయింది, అణుబాంబుల కాలం వచ్చింది. ఇప్పుడు భయం విమానాలతో పాటు క్షిపణులు. టైమ్ గంటల నుంచి నిమిషాల్లోకి పడిపోయింది. కాబట్టి మనిషి ఆలోచించే టైమ్ తగ్గించి, ముందే రెడీ చేసిన మెసేజ్‌ని ఒక్క నొక్కుతో పంపేలా సిస్టమ్స్ కట్టారు. ఇక్కడే కొత్త రకం ప్రమాదం పుట్టింది.

1971 ఫిబ్రవరి 20, శనివారం. అమెరికాలో రేడియో, టీవీ స్టేషన్లకు ప్రతి వారం టెస్ట్ మెసేజ్ వెళ్తుంది. ఆ రోజు ఆపరేటర్ టెస్ట్ టేపుకి బదులు అసలు అత్యవసర పరిస్థితికి దాచిన టేపు పెట్టేశాడు. అందులో నిజమైన రహస్య కోడ్ పదం కూడా ఉంది. రూల్ ప్రకారం స్టేషన్లన్నీ వెంటనే ప్రోగ్రాములు ఆపేసి దేశానికి ప్రకటించాలి. కానీ చాలా స్టేషన్లు ఏమీ చేయలేదు! ఇది ఎప్పుడూ వచ్చే టైమ్‌కే వచ్చింది కదా, టెస్టే అయి ఉంటుందిలే అనుకున్నాయి. సరిగ్గా రద్దు చేయడానికి దాదాపు 40 నిమిషాలు పట్టింది. ఆ రోజు అదృష్టవశాత్తూ స్టేషన్లు పట్టించుకోకపోవడమే మంచిదైంది. నిజమైన దాడి అయ్యుంటే? వారం వారం టెస్టులతో వాళ్ళు నేర్చుకున్న పాఠం, వచ్చిన హెచ్చరికని నమ్మకపోవడం.

ఇక అదే దేశం, స్మార్ట్‌ఫోన్ల కాలం. 2018 జనవరి 13, హవాయి దీవులు. ఉదయం 8 గంటల 7 నిమిషాలకు అక్కడి ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. క్షిపణి వస్తోంది, వెంటనే దాక్కోండి, ఇది డ్రిల్ కాదు అని మెసేజ్. జనం పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు, ఇంట్లోవాళ్ళకు ఆఖరి మాటలు చెప్పడానికి ఫోన్లు చేశారు. క్షిపణి లేదు, ఏమీ లేదు. షిఫ్ట్ మారే టైమ్‌లో డ్రిల్ పెట్టారు, డ్యూటీలో ఉన్న ఉద్యోగి దాన్ని నిజం అనుకుని అసలు అలర్ట్ పంపేశాడు. స్క్రీన్ మీద "ఖాయమా?" అని అడిగింది, తనే "అవును" అని నొక్కాడు. ఇంకో మనిషి ఒప్పుకోవాలన్న నిబంధన లేదు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఆ తర్వాత జరిగింది. "అది తప్పు అలర్ట్" అనే మెసేజ్ అవే ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. ఎందుకంటే భయపెట్టే మెసేజ్ ముందే టైప్ చేసి రెడీగా ఉంది, ధైర్యం చెప్పే మెసేజ్‌ని ఎవరూ రాసి పెట్టలేదు. గవర్నర్ ట్విట్టర్‌లో చెబుదామంటే, ఆయనకి తన లాగిన్ వివరాలు తెలియవు. తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ఇది నవ్వుకునే విషయం అనిపిస్తుంది కానీ ఆలోచించండి: అలర్ట్ పంపే బటన్ కట్టినంత శ్రద్ధగా, దాన్ని వెనక్కి తీసుకునే బటన్ కట్టారా? యాప్‌లు చేసేవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే ఈ ఒక్క పాయింట్ నోట్ చేసుకోండి.

ముక్కలు ముక్కలుగా మ్యాప్

మ్యాప్‌ని చిన్న ముక్కలు చేయడంలో అందరికన్నా ముందుకు వెళ్ళింది ఇజ్రాయెల్. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ ఆ దేశం మీద దాదాపు 40 స్కడ్ క్షిపణులు వేసింది. క్షిపణి లేచినప్పుడు వచ్చే వేడిని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టి చెప్పేవి. చేతిలో ఉండేది కొన్ని నిమిషాలు. మొదట్లో సైరన్ దేశమంతటికీ ఒకేసారి మోగేది. క్షిపణి టెల్ అవీవ్ వైపు పోతున్నా, ఎక్కడో దక్షిణాన ఉన్నవాళ్ళు కూడా గ్యాస్ మాస్కులు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

ఆ రోజుల్లో వాళ్ళు చేసిన ఒక చిన్న ఏర్పాటు భలే ఉంటుంది. రాత్రంతా నిశ్శబ్దంగా ఉండే రేడియో ఛానెల్ ఒకటి పెట్టారు. పాటలు లేవు, వార్తలు లేవు. రేడియో ఆన్ చేసి వాల్యూమ్ పెంచుకుని పడుకోవచ్చు. ప్రమాదం వస్తేనే అది మోగుతుంది. ఇప్పుడు మన ఫోన్‌లో సైలెంట్ మోడ్‌ని కూడా దాటుకుని మోగే అలర్ట్ ఉంది చూశారా, దానికి తాత ఆ రేడియో.

ఆ తర్వాత గాజా నుంచి రాకెట్లు రావడం మొదలైంది. సరిహద్దు పక్కనే ఉన్న స్దెరోత్ పట్టణంలో హెచ్చరిక నుంచి పేలుడుకి మధ్య టైమ్ పదిహేను సెకన్లు. రాడార్ రాకెట్ దారిని లెక్కగట్టి ఎక్కడ పడుతుందో అంచనా వేస్తుంది కాబట్టి, ఆ ప్రాంతానికే సైరన్ మోగించొచ్చు. ఏళ్ళు గడిచేకొద్దీ హెచ్చరిక మండలాల సంఖ్య పెరుగుతూ పోయి 1,700 దాకా వెళ్ళింది. 2014 యుద్ధం నాటికి ఫోన్ యాప్‌లు కూడా వచ్చేశాయి.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. అదే సరిహద్దుకి అవతల, గాజాలో, సైరన్ వ్యవస్థ లేదు, జనం దాక్కోవడానికి పబ్లిక్ షెల్టర్లు లేవు. అక్కడ హెచ్చరిక వస్తే చాలాసార్లు అది దాడి చేసే సైన్యం నుంచే, ఫోన్ కాల్‌గానో, మెసేజ్‌గానో, పైనుంచి పడే కరపత్రంగానో వచ్చింది. ఎవర్ని లేపాలన్న ప్రశ్న వేసుకునేది రాడార్, షెల్టర్ ఉన్న వాళ్ళే. అవి లేని వాళ్ళ దగ్గరికి ఆ ప్రశ్న కూడా చేరదు.

ప్రభుత్వమే బాంబులు వేస్తే?

సిరియా కథ ఇంకా విచిత్రం. మామూలుగా జనాన్ని హెచ్చరించాల్సింది ప్రభుత్వం. అప్పట్లో అక్కడ తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ప్రాంతాల మీద బాంబులు వేసింది ప్రభుత్వమే, దానికి తోడు రష్యా. మరి సైరన్ ఎవరు మోగిస్తారు?

జనమే. ఎయిర్‌బేస్‌ల దగ్గర ఉండే మనుషులు విమానం లేవగానే వాకీటాకీలో, ఫోన్‌లో చెప్పేవాళ్ళు. 2016లో హలా సిస్టమ్స్ అనే చిన్న సంస్థ దీన్ని సాఫ్ట్‌వేర్‌గా మార్చింది. దాని పేరు సెంట్రీ. ఏ రకం విమానం, ఎక్కడ చూశారు, ఎటు పోతోంది అని పరిశీలకులు యాప్‌లో కొట్టేవాళ్ళు. పాత దాడుల లెక్కలతో పోల్చి, అది ఏ ఊరి మీదికి, ఎన్ని నిమిషాల్లో చేరొచ్చో సిస్టమ్ అంచనా వేసేది. ఆ ఊరివాళ్ళకు టెలిగ్రామ్ లాంటి యాప్‌లలో మెసేజ్ వెళ్ళేది, కొన్నిచోట్ల సైరన్ కూడా మోగేది. చేతికొచ్చే టైమ్ కొన్ని నిమిషాలే. కానీ ఆస్పత్రిలో పేషెంట్లను కింది అంతస్తుకి దించడానికి ఆ కొన్ని నిమిషాలే దిక్కు.

ఒకసారి వెనక్కి చూడండి. 1940లో బైనాక్యులర్, టెలిఫోన్ పట్టుకున్న ఇంగ్లండ్ వాలంటీర్. 2016లో స్మార్ట్‌ఫోన్ పట్టుకున్న సిరియా వాలంటీర్. మధ్యలో అన్నీ మారాయి, ఆకాశం వైపు చూసే మనిషి మారలేదు.

ఉక్రెయిన్: జేబులో సైరన్

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. ఉక్రెయిన్‌లో సోవియట్ కాలం నాటి సైరన్లు ఉన్నాయి. కానీ కొత్త అపార్ట్‌మెంట్లలో, గట్టి కిటికీల వెనక, అవి చాలామందికి వినపడవు. ఇళ్ళకు సెక్యూరిటీ అలారంలు చేసే అజాక్స్ సిస్టమ్స్, స్ట్ఫాల్కన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కలిసి, ప్రభుత్వ డిజిటల్ శాఖ సాయంతో ఒక యాప్ చేశాయి. పేరు "పొవిత్ర్యానా త్రివోహా", అంటే గగనతల హెచ్చరిక. మార్చి మొదట్లోకల్లా అది జనం ఫోన్లలో ఉంది.

అది పనిచేసే విధానం చాలా సింపుల్. ప్రతి ఒబ్లాస్ట్‌లో, అంటే మన రాష్ట్రం, జిల్లాలకు మధ్య సైజులో ఉండే ప్రాంతంలో, ఒక డ్యూటీ ఆపరేటర్ ఉంటారు. సైన్యం నుంచి సమాచారం రాగానే సైరన్‌తో పాటు యాప్ బటన్ కూడా నొక్కుతారు. ఆ ఒబ్లాస్ట్‌ని ఎంచుకున్న ఫోన్లన్నీ, సైలెంట్‌లో ఉన్నా సరే, మోగుతాయి. ఇంగ్లిష్ వెర్షన్‌కి గొంతు ఇచ్చింది ఎవరో తెలుసా? స్టార్ వార్స్ సినిమాల హీరో మార్క్ హామిల్.

అయితే పాత ప్రశ్న ఇక్కడ కూడా వదల్లేదు. ఉక్రెయిన్‌లో ఒబ్లాస్ట్‌లు 24. సగటున ఒక్కోటి మన పాత ఉమ్మడి గుంటూరు జిల్లాకి రెండింతలు. ఒక డ్రోన్ ఒక మూలన పోతుంటే రెండో మూలన ఉన్న బడిలో పిల్లలు కూడా బేస్‌మెంట్‌లోకి దిగాలి. అందుకే తర్వాత కొన్ని ప్రాంతాల్లో ఒబ్లాస్ట్‌ని ముక్కలు చేసి, రాయన్ స్థాయిలో అలర్ట్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. మ్యాప్ మళ్ళీ చిన్నదైంది.

కానీ అన్నివేళలా చిన్నది చేయలేరు. రష్యా దగ్గర మిగ్-31కె అనే విమానం ఉంది. అది కింజాల్ అనే క్షిపణిని మోస్తుంది. ఆ క్షిపణి చాలా వేగంగా, దేశంలో ఎక్కడికైనా చేరగలదు. అందుకని ఎక్కడో రష్యాలో ఆ విమానం ఒక్కటి గాల్లోకి లేస్తే చాలు, ఉక్రెయిన్ మ్యాప్ మొత్తం ఎర్రబడుతుంది. ఆఫీసులు ఆగుతాయి, పాఠాలు ఆగుతాయి. చాలాసార్లు అది ఏమీ వేయకుండానే తిరిగి దిగిపోతుంది. ఒక్క టేకాఫ్‌తో కోట్లమంది నిద్ర చెడగొట్టొచ్చు. అలర్ట్ వ్యవస్థనే ఆయుధంగా వాడుకోవడం అన్నమాట.

దాంతో జనం ఏం చేస్తున్నారు? అధికారిక అలర్ట్ రాగానే టెలిగ్రామ్ ఛానెళ్ళు తెరుస్తున్నారు. వచ్చేది డ్రోనా, క్రూయిజ్ క్షిపణా, బాలిస్టిక్ క్షిపణా? ఎటు పోతోంది? మన వైపు కాదంటే పడుకుంటారు. అనుమానం ఉంటే కారిడార్‌లోకి వస్తారు. బయటికీ మనకీ మధ్య కనీసం రెండు గోడలుండాలి అన్నది అక్కడ అందరికీ నోటికొచ్చిన సూత్రం. బాలిస్టిక్ అంటే షెల్టర్‌కి పరుగు.

ఇక్కడ నాకు ఒక విషయం బరువుగా అనిపించింది. 1940లో ఎవర్ని లేపాలో నిర్ణయించింది బెంట్లీ ప్రయరీలో కూర్చున్న అధికారి. పైకప్పు మీద కాపలా ఉన్నది జీతం తీసుకునే మనిషి. ఇప్పుడు ఆ నిర్ణయం తెల్లవారుజామున మూడు గంటలకు, కళ్ళు కూడా సరిగ్గా తెరవలేని ఒక తల్లి చేతిలోకి వచ్చింది. పిల్లల్ని లేపి ఆరు అంతస్తులు దించాలా, పడుకోనివ్వాలా? ఫోన్ ఆమెకి సమాచారం ఇచ్చింది, దాంతోపాటు బాధ్యతని కూడా ఆమె మీదే పెట్టింది. రేపు వాళ్ళు బడికి వెళ్ళాలి. ఖార్కివ్‌లో అయితే ఆ బడి కూడా భూగర్భంలోని మెట్రో స్టేషన్లలోనే. ఎందుకంటే ఆ నగరం సరిహద్దుకి దగ్గర, కొన్ని క్షిపణులు అలర్ట్ కన్నా ముందే వచ్చి పడతాయి. వి-2 నాటి సమస్య ఇంకా అలాగే ఉంది.

కాంక్రీట్ చెవులు మళ్ళీ కనపడతాయి అన్నాను కదా? షాహెద్ డ్రోన్లు చాలా కిందుగా ఎగురుతాయి, రాడార్‌కి సరిగ్గా దొరకవు. కానీ వాటి ఇంజన్ పాత స్కూటర్‌లా మోత చేస్తుంది. ఉక్రెయిన్ ఇంజనీర్లు ఏం చేశారంటే, మైక్రోఫోన్లని స్తంభాలకు కట్టి, దేశమంతా వేల సంఖ్యలో పెట్టారు. దాని పేరు స్కై ఫోర్ట్రెస్. ఒక్కో సెన్సర్ ఖర్చు 400 నుంచి 500 డాలర్లు. 2024లో అమెరికా వైమానిక దళ జనరల్ జేమ్స్ హెకర్ దీని గురించి బహిరంగంగా మెచ్చుకున్నారు. డెంజ్ గోడ మళ్ళీ బతికింది, ఈసారి చిన్న డబ్బాలో. అలాగే 2022 అక్టోబర్‌లో "ఇపిపిఓ" అనే యాప్ వచ్చింది. డ్రోన్ కనపడితే ఫోన్‌ని అటు తిప్పి బటన్ నొక్కాలి, ఆ దిశ సైన్యానికి వెళ్తుంది. అబ్జర్వర్ కోర్ మొత్తం ఒక బటన్‌లోకి వచ్చేసింది.

తలుపు దగ్గర

ఇప్పుడు చెప్పబోయేది ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం. 2023 జూన్ 1, కీవ్ నగరం. రాత్రి అలర్ట్ వచ్చింది. సిస్టమ్ పనిచేసింది. జనం నమ్మారు. లేచి, పిల్లల్ని తీసుకుని, దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్ షెల్టర్ దగ్గరికి పరుగెత్తారు. తలుపు మూసి ఉంది. కొట్టారు, ఎవరూ తీయలేదు. ఆ తలుపు బయట ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో ఒక తొమ్మిదేళ్ళ పాప, ఆ పాప తల్లి ఉన్నారు.

ఉపగ్రహం, రాడార్, సర్వర్, టవర్, ఫోన్, అన్నీ తమ పని చేశాయి. ఆఖరి మెట్టు దగ్గర ఒక తాళం. ఆ ఘటన తర్వాత ప్రభుత్వం దేశవ్యాప్తంగా షెల్టర్లని తనిఖీ చేయించాల్సి వచ్చింది. మనలాంటి ఇంజనీర్లకు డెలివరీ అంటే మెసేజ్ ఫోన్‌కి చేరడం. యుద్ధంలో డెలివరీ అంటే మనిషి లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవడం. అక్కడిదాకా వెళ్ళని అలర్ట్ సగం పనే చేసినట్టు.

ఇంకోటి, కరెంటు. 2022 అక్టోబర్ నుంచి రష్యా ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద దాడులు చేసింది. కరెంటు పోతే టవర్ కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది, తర్వాత ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. అందుకే యాప్ వచ్చింది కదా అని పాత సైరన్లని ఎవరూ పీకేయలేదు.

మన ఫోన్ల సంగతి

మన దగ్గరికి వద్దాం. 2023లో ఒకరోజు మీ ఫోన్ వింతగా, గట్టిగా మోగి, స్క్రీన్ మీద "ఎమర్జెన్సీ అలర్ట్" అని మెసేజ్ వచ్చి ఉంటుంది. చాలామంది ఫోన్ హ్యాక్ అయిందేమో అని కంగారు పడ్డారు. అది టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి చేసిన టెస్ట్. ఆ టెక్నాలజీ పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్, మన సి-డాట్ దీన్ని ఇక్కడే తయారుచేసింది.

ఎస్ఎంఎస్‌కి, దీనికి తేడా ఏంటంటే, ఎస్ఎంఎస్ పోస్ట్‌మ్యాన్ లాంటిది, ఒక్కో ఇంటికి వెళ్ళి ఇవ్వాలి. లక్షల మందికి పంపితే క్యూ పడుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఊళ్ళో టముకు వేయడం లాంటిది. టవర్ ఒక్కసారి చెప్తుంది, ఆ టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. నంబర్ అవసరం లేదు, ఇంటర్నెట్ అవసరం లేదు, యాప్ అవసరం లేదు. ఏ టవర్లు మోగాలో ఎంచుకోవచ్చు. అంటే మ్యాప్‌ని చిన్న ముక్కలు చేసే పని మన చేతిలోకి కూడా వచ్చింది. తుఫానుకి, వరదకి, అవసరమైతే యుద్ధానికి.

2025 మే 7న దేశవ్యాప్తంగా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ జరిగినప్పుడు హైదరాబాద్, విశాఖల్లో కూడా సైరన్లు మోగాయి. కొందరు నిలబడి రీల్స్ తీసుకున్నారు. తప్పుపట్టట్లేదు, మన తరానికి అది కొత్త అనుభవం. కానీ ఆ రోజు అడగాల్సిన ప్రశ్నలు వేరే. మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ తలుపు తాళం ఎవరి దగ్గరుంది? లిఫ్ట్ వాడకుండా మా అమ్మమ్మని ఎలా దించాలి? "ఇక ప్రమాదం లేదు" అని చెప్పే సైరన్ ఎలా మోగుతుంది?

మూడు పనులు చెప్తాను, మూడూ చిన్నవే. ఒకటి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, చిరాకుగా ఉందని ఆపేయకండి. రెండు, సైరన్‌ని రింగ్‌టోన్‌గా, ప్రాంక్‌గా, రీల్ బ్యాక్‌గ్రౌండ్‌గా వాడకండి. మూడు, వాట్సాప్‌లో వచ్చే "ఈ రాత్రికి దాడి" ఫార్వర్డ్‌ని ముందుకి పంపకండి. 1942లో ఊళ్ళు ఖాళీ చేయించిన పుకారుకి కాళ్ళే ఉన్నాయి, ఇప్పుడు దానికి ఫైబర్ నెట్ ఉంది.

ఈ మూడింటి వెనకా ఉన్నది ఒక్కటే విషయం, నమ్మకం. రాడార్‌ని డబ్బు పెట్టి కొనొచ్చు, యాప్‌ని వారం రోజుల్లో రాయొచ్చు. అర్ధరాత్రి ఫోన్ మోగితే "ఇది నిజమే, లేవాలి" అని మనిషి అనుకునేంత నమ్మకాన్ని మాత్రం మోగించిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా సంపాదించుకోవాలి. మోగాల్సిన అవసరం లేనప్పుడు మోగకుండా ఉండి కూడా.

మీ ఇళ్ళల్లో 1942 విశాఖ, కాకినాడ బాంబుల గురించి గానీ, 1971 యుద్ధంలో లైట్లు ఆర్పేసిన రాత్రుల గురించి గానీ పెద్దవాళ్ళు చెప్పిన కథలుంటే కామెంట్లలో రాయండి. పేర్లు, అడ్రస్‌లు వద్దు, కథ చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.